కారు ముందు చక్రాల స్ప్రింగులు ఇంటికాడనే మార్చుకోవచ్చా? చేసినోళ్ళు జర చెప్పండి

హన్మకొండ_పోరడు
అందరికి నమస్తే. మా బాపు 2012ల కొన్న చిన్న కారు, ఇప్పుడు నేనే నడుపుతున్న. 1,30,000 కిలోమీటర్లు దాటింది. పోయిన నెల ములుగు దిక్కు పోయొచ్చినప్పటి సంది స్టీరింగ్ తిప్పినప్పుడల్ల ఎడమ చక్రం కాడ 'టంగ్' అని సప్పుడు. కింద పండుకోని టార్చి కొట్టి చూస్తే స్ప్రింగు కింది చుట్టు విరిగి ఉంది. విరిగిన ముక్క ఎక్కడ పడిపోయిందో. టైరుకు మడ్‌గార్డుకు నడుమ కుడి దిక్కు నాలుగు వేళ్ళు పడుతున్నయ్, ఎడమ దిక్కు మూడు గూడ పడుతలేవు.

రెండు దిక్కులకు కొత్త స్ప్రింగులు తెచ్చిపెట్టిన. లేబర్ ఎంత అని అడిగితే చెప్పిన రేటు విని మర్యాదగ ఇంటికొచ్చిన. బ్రేక్ ప్యాడ్లు, ఇంజన్ ఆయిలు నేనే మార్చుకుంట. ఇది గూడ అయితదా? ఆన్‌లైన్ల స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగును నొక్కి పట్టేది) 900 రూపాయలకు ఉంది, ఆర్డర్ పెట్టిన.

మడికొండ_రైడర్
బానెట్ లేపితే స్ట్రట్ (స్ప్రింగు, శాకబ్జర్ కలిసి ఉన్న కాలు) నెత్తి మీద నడుమ పెద్ద నట్టు కనిపిస్తది. దాన్ని ముట్టకు. మిగిలిన ముచ్చట తర్వాత.

హన్మకొండ_పోరడు
ముట్టిన అన్నా. చుట్టు మూడు చిన్న నట్లు, నడుమ ఒకటి పెద్దది. నిన్న నడుమ దానికి జంగు ఉందని డబ్ల్యూడీ-40 కొట్టి అటుఇటు సగం చుట్టు తిప్పి చూసిన. ఏం కాలే కదా.

పానాకాక
తమ్మీ, బండి నాలుగు చక్రాల మీద నిలవడి ఉంది గనుక ఏం కాలే. ఇప్పుడే పోయి దాన్ని మల్ల బిగించు. నడుమ రాడ్ తిరగకుంట అలెన్ కీ పెట్టి పట్టుకో, రింగు పానాతోని నట్టు బిగించు. బిగించినంక ఇక్కడ రాయి. అప్పటిదాంక జాకీ ముట్టద్దు.

ఆ మూడు నట్లు స్ట్రట్‌ను బాడీకి పట్టుకున్నయ్. నడుమది స్ప్రింగును పట్టుకుంది. చక్రం గాలిల లేపినా స్ప్రింగు పూర్తిగ సాగదు, ఆ నట్టే దాన్ని అదిమి పట్టి ఉంటది. అది ఊడిందంటే ఆపేది ఏమీ లేదు.

నేను పనికి చేరింది 1991ల. అప్పుడు కంప్రెసర్ ఎవని దగ్గర ఉన్నది? బండి బరువు స్ప్రింగు మీద ఉన్నప్పుడే చుట్లకు బైండింగ్ వైరు పది వరసలు కట్టి, అప్పుడు జాకీ ఎత్తేటోళ్ళం. తలుచుకుంటే ఇప్పుడు చెమటలు పడుతయ్. ఒకనాడు కొత్తగ వచ్చిన పోరడు స్ట్రట్‌ను రెండు కాళ్ళ నడుమ పెట్టుకోని, వైరు కట్టకుంటనే నడుమ నట్టు ఇప్పిండు. టాప్ మౌంటు (స్ప్రింగు నెత్తి మీద మూత లెక్క ఉండేది) వాని చెవు పక్కనుంచి పోయి పైన సిమెంటు రేకుకు బొక్క పెట్టింది. వానికి గీత గూడ పడలే. ఆ బొక్క మాత్రం చాన ఏండ్లు అట్లనే ఉండె. వానకాలం కింద బకెట్ పెట్టేటోళ్ళం. రేకు మార్చమంటే మా ఓనరు, 'ఉండనీయి, కొత్తోళ్ళకు చూపెట్టచ్చు' అనేటోడు.

హన్మకొండ_పోరడు
బిగించిన కాకా. చేతులు వణికినయ్ నిజంగ.

లెక్కల_తమ్ముడు
కాజీపేటలో ఇంజినీరింగ్ చదువుతున్నాను, అలవాటు కొద్దీ లెక్క వేశాను. చిన్న కారు ముందు స్ప్రింగును మిల్లీమీటరు నొక్కడానికి సుమారు 2 కిలోల బలం అనుకుందాం (బండిని బట్టి కొంచెం అటూ ఇటూ). కొత్త స్ప్రింగు ఎక్కించేటప్పుడు 15 సెంటీమీటర్లు నొక్కారనుకోండి, కంప్రెసర్ మీద 300 కిలోలు ఉన్నట్టే. అందులో దాగిన శక్తి ఎంతంటే, 25 కిలోల బియ్యం బస్తాను నడుమెత్తు నుంచి కాలి మీద వదిలితే ఎంతో అంత. తేడా ఏమిటంటే బస్తా ఎటు పడుతుందో మనకు తెలుసు. ఆ శక్తిలో సగం మాత్రమే, ఒక కిలో బరువున్న టాప్ మౌంటుకు అందినా అది గంటకు 50 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో లేస్తుంది. పానాకాక గారి రేకుకు బొక్క పడటంలో ఆశ్చర్యం లేదు.

బొగ్గుగని_8వ_ఇంక్లైన్
లెక్క బాగుంది తమ్ముడూ. గనిల హాలేజ్ రోప్ (బొగ్గు తొట్లు గుంజే ఇనుప తాడు) గుంజుతున్నప్పుడు దాని దారిల ఎవ్వరు నిలవడరు. తెగదని తెలిసినా నిలవడరు. స్ప్రింగు గూడ గంతే. రెండు కొసలు చూస్తున్న దిక్కుల మొఖం, కడుపు, పక్కన నిలవడ్డ పిల్లలు ఏదీ ఉండద్దు. స్ట్రట్‌ను పండవెట్టి, ఒక కొస గోడ దిక్కు, ఇంకో కొస ఖాళీ జాగ దిక్కు ఉంచుకో. నువ్వు పక్కకు కూసో.

ఇంకో సంగతి. ఇంటి ముందట షాబాద్ బండలు ఉన్నయా? వాటి మీద జాకీ పెట్టద్దు. కింద మన్ను గుల్ల అయి ఉంటే బండ పలుగుతది. నా బండికి అట్లనే అయింది, జాకీ పక్కకు ఒరిగి సిల్ (తలుపుల కింద ఉండే బాడీ అంచు) సొట్టపోయింది. సీసీ రోడ్డు మీదనో, గట్టి కాంక్రీటు మీదనో పెట్టు, అది గూడ ఏటవాలు లేని జాగ. జాకీ లేపుతందుకే, నిలవెడుతందుకు స్టాండ్లు. ఇటుకలు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో, ఇటుక చెప్పి పగలదు. ఇప్పిన చక్రాన్ని సిల్ కింద పండవెట్టి ఉంచు.

మానేరు_డ్రైవ్
కరీంనగర్ నుంచి. ఇంట్లో మూడు సార్లు చేశాను, రెండు సార్లు నా బండికి, ఒకసారి మా బావమరిది బండికి. భయపడేవాళ్ళు చేయకండి, అసలు భయం లేనివాళ్ళు కూడా చేయకండి.

ముందు ఆ 900 కంప్రెసర్ గురించి. నేను మొదట అలాంటిదే కొన్నాను. కొక్కేలకు పిన్ను లేదు, స్క్రూ రాడ్ మెత్తటి ఇనుము. సగం నొక్కేసరికి రాడ్ అరటిపండులా వంగింది. అదృష్టం బాగుండి ఆపి, మెల్లగా వదులు చేశాను. ఒక పక్క రాడ్ వంగిందంటే బరువంతా రెండోదాని మీదికి పోతుంది, అది జారడానికి ఎంతోసేపు పట్టదు. తర్వాత కొన్నదానికి ప్రతి కొక్కేనికీ స్ప్రింగు చుట్టు జారకుండా పట్టే పిన్ను ఉంది, రాడ్లు లావు. ధర మూడింతలు పైనే.

ఇప్పుడు పద్ధతి. రాడ్ల మరలకు గ్రీజు పట్టించాలి. రెండు కంప్రెసర్లు స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, వీలైనన్ని ఎక్కువ చుట్లు పట్టాలి. బిగించేటప్పుడు ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. ఒకేసారి ఒక పక్క పది చుట్లు తిప్పేస్తే స్ప్రింగు ఒంకర పోతుంది. చేతి పానాతోనే చేయాలి, ఇంపాక్ట్ గన్ వద్దే వద్దు. గన్ పెడితే కొక్కెం జరుగుతున్నది చేతికి తెలియదు.

ఎంతవరకు? టాప్ మౌంటును చేత్తో పట్టి తిప్పితే వదులుగా తిరగాలి. స్ప్రింగు కింది సీటు మీద కూడా కదలాలి. అంతే, అక్కడ ఆపేయాలి. ఇంకా నొక్కడం ఎందుకు? ఆ తర్వాతే నడుమ నట్టు. రాడ్ తిరుగుతుంటే కటింగ్ ప్లయరుతో పట్టుకునేవాళ్ళను చూశాను. దాని నున్నటి క్రోమ్ మీద ఒక గీత పడిందంటే ఆయిల్ సీలు కోసుకుపోయి శాకబ్జర్ కారడం మొదలవుతుంది. అలెన్ కీ పెట్టే చోటు ఉంటుంది, అది వాడండి.

నొక్కిన స్ప్రింగును అలాగే వదిలి భోజనానికి పోకండి. మా బావమరిది పోయాడు. వాళ్ళ చిన్నోడు వచ్చి దాని మీద కూర్చోబోయాడు.

పానాకాక
మానేరు తమ్ముడు చెప్పింది అంత ఖరే. కాని పోరడి స్ప్రింగు విరిగిన స్ప్రింగు. ఒక చుట్టు లేదు, కొస వంకర. కొక్కెం సమంగ పట్టదు. మొదటిసారి చేసేటోడు విరిగినదాని మీద నేర్చుకోవద్దు.

నా మాట విను తమ్మీ. స్ట్రట్ ఊడదీసుడు, మల్ల ఎక్కించుడు ఇంటికాడనే చేసుకో, అది అయితది. స్ప్రింగు నొక్కే పనికి మాత్రం రెండు స్ట్రట్లు పట్టుకోని గోడకు బిగించిన ప్రెస్ ఉన్న షాపుకు పో. ఆటోనగర్ దిక్కు అడిగితే చెప్తరు. పని అరగంట. మొత్తం లేబర్‌ల అది చిన్న ముక్క.

ఇంకో మాట, అప్పటిదాంక బండి తిప్పకు. విరిగిన కొస టైరును గీకుతది, టైరు ఎప్పుడు పలుగుతదో తెల్వది.

మానేరు_డ్రైవ్
కాకా, అలా అయితే ఎవరూ ఎప్పటికీ నేర్చుకోరు. మంచి కంప్రెసర్, పక్కన తెలిసినవాడు ఉంటే ఇంట్లో చేయొచ్చు. కానీ విరిగిన స్ప్రింగు అన్న మాట నేను సరిగ్గా చదవలేదు. అక్కడ మీరే కరెక్టు.

మడికొండ_రైడర్
స్ప్రింగుతో సహా రెడీమేడ్ స్ట్రట్ దొరికితే ఈ లొల్లే లేదు కదా?

పానాకాక
దొరికితే మంచిదే. మన దిక్కు అన్ని బండ్లకు దొరకది.

టీచరమ్మ_హంటర్‌రోడ్
నా కారు నేనే చూసుకుంటాను, మా అబ్బాయి పానాలు అందిస్తాడు. ప్రమాదం గురించి అందరూ చెప్పారు. నేను చేసిన తప్పు చెప్తాను, దాని వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ రెండు ఆదివారాలు పోయాయి.

స్ట్రట్ కింది సీటులో ఒక మెట్టు ఉంటుంది. స్ప్రింగు కింది కొస వచ్చి ఆ మెట్టుకు ఆనాలి. నేను ఒక వేలెడంత ఎడం వదిలేశాను, పెద్ద తేడా ఏముందిలే అని. బండి దించగానే స్ప్రింగు తిరిగి మెట్టుకు తగిలి 'ఠక్' మంది, మా అబ్బాయి గేటు దాకా పరుగెత్తాడు. పైన సీటుకు కూడా బాణం గుర్తో, గంటో ఉంటుంది, అది ఎటు ఉండాలో ఇప్పక ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నేను తీయలేదు. స్టీరింగ్ తిప్పి వదిలితే తిరిగి రావడం మానేసింది, అంతా మళ్ళీ ఇప్పాల్సి వచ్చింది.

ఇప్పినప్పుడు పైన బేరింగును చేతిలో పెట్టుకుని తిప్పి చూడండి. నాది ఇసుక నమిలినట్టు కరకరలాడింది. దాని కోసం మళ్ళీ ఇంత పని చేయడం దండగ, అప్పుడే మార్చేయండి. బంప్ స్టాప్ రబ్బరు, దుమ్ము కవరు కూడా చూసుకోండి. నడుమ నట్టు కొత్తది వేయండి.

హన్మకొండ_పోరడు
టీచర్ గారూ, నకిల్ (చక్రం హబ్బును పట్టుకునే దిమ్మ) కాడ రెండు పెద్ద బోల్టులు ఇప్పినంక చక్రం హబ్బు కిందికి వేలాడదా?

టీచరమ్మ_హంటర్‌రోడ్
వేలాడుతుంది బాబూ, బయటికి ఒరుగుతుంది కూడా. బ్రేక్ గొట్టం లాగబడుతుంది, డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు ఊడే ప్రమాదం ఉంది. నేను పాత చున్నీతో నకిల్‌ను కట్టేస్తాను. బ్రేక్ గొట్టం క్లిప్పు, ఏబీఎస్ వైరు ఉంటే అది, ముందే విడదీయండి. ఆ బోల్టులు ఇప్పకముందు వాటి తల చుట్టూ మార్కరుతో గీత గీయండి. కొన్ని బండ్లకు క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణం) అక్కడే సెట్ అవుతుంది.

పానాకాక
పైన మూడు నట్లు ఇప్పేటప్పుడు చివరి నట్టు ఇప్పకముందు కింద ఒకరు స్ట్రట్ పట్టుకోవాలె. లేకుంటే కాలి మీద పడ్తది. స్ప్రింగు గాదు, స్ట్రట్ బరువే చాలు.

హన్మకొండ_పోరడు (పదకొండు దినాల తర్వాత)
పని అయింది. కంప్రెసర్ ఆర్డర్ క్యాన్సిల్ చేసిన.

ఆదివారం పొద్దుగాల ఆరింటికి మొదలువెట్టిన, ఎండ ఎక్కకముందే అయితదనుకున్న. ఎడమ నకిల్ బోల్టు ఒక్కటే గంటన్నర తిన్నది. నట్టు ఊడింది గని బోల్టు జంగుతోని అంటుకపోయి రాలే. సుత్తెతోని మర మీద కొడితే మర చెడుతదని, పాత నట్టు కొసకు ఎక్కించి దాని మీద కొట్టిన. బాపు స్టూలు వేసుకోని కూసోని 'పైలం, పైలం' అనుడే పని. చివరి నట్టు ఇప్పేటప్పుడు మాత్రం స్ట్రట్ ఆయనే పట్టుకున్నడు.

రెండు స్ట్రట్లు గోనె సంచిల చుట్టి స్కూటీ ముందట పెట్టుకోని షాపుకు పోయిన. గోడ ప్రెస్‌ల పెట్టి నొక్కుతుంటే చూసిన. విరిగిన స్ప్రింగు పక్కకు వంగుకుంట 'కిర్ర్' అన్నది. ఆ పని చేసేటాయన చెయ్యి ఎక్కడ పెట్టిండు, మొఖం ఎక్కడ పెట్టిండు అని గదే చూసుకుంట నిలవడ్డ. ఒక్కసారి గూడ స్ప్రింగు కొస ఎదురుంగ రాలే. రెండింటికి 600 తీసుకున్నడు. బేరింగులు రెండు కొత్తవి వేయించిన, నావి గూడ కరకరలాడినయ్.

కింది కొస మెట్టుకు ఆనిందా అని టార్చి కొట్టి చూసిన, ఫొటోతోని పోల్చిన. సోమవారం వీల్ అలైన్‌మెంట్ చేయించిన. రెండు దిక్కుల నాలుగు వేళ్ళు సమంగ పడుతున్నయ్.

ఒక్కటే బాధ. 'టంగ్' పోయింది గని స్పీడ్ బ్రేకర్ మీద ఎడమ దిక్కు చిన్నగ 'టక్ టక్' అంటుంది. మల్ల స్ప్రింగేనా?

పానాకాక
లింక్ రాడ్ (స్ట్రట్ పక్కన బిగించే సన్న రాడ్) నట్టు చూడు.

హన్మకొండ_పోరడు
కాకా, చేతివేళ్ళతోనే తిరిగింది. బ్రేక్ గొట్టం క్లిప్పు పెట్టుకుంట పోయి దాన్ని మరిచిన. బిగించిన, ఇప్పుడు సప్పుడు లేదు. మిగిలిన నట్లన్నీ గూడ ఇంకోసారి పానా వేసి చూసిన, నడుమది తప్ప.