తిరుపతి పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రిలో చూపించినవాళ్లు ఉన్నారా?

మా చెల్లెలి కూతురికి ఎనిమిది నెలలు. గుక్కపట్టి ఏడిస్తే పెదాలు, గోళ్లు నీలంగా మారిపోతున్నాయి. ఎకో తీసి టెట్రాలజీ ఆఫ్ ఫాలో అన్నారు. గుండెలో రంధ్రం, పైగా ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు. నీలం ఎక్కువైతే మోకాళ్లు ఛాతీకి ఆనించి పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తమన్నారు.

2021లో టీటీడీ తెరిచిన శ్రీ పద్మావతి ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఎన్టీఆర్ వైద్య సేవకు ఇక్కడే రిఫరల్ రాయించాలా, నేరుగా ఓపీకి వెళ్లొచ్చా? అన్నిటికంటే దారి గురించే భయం. రాత్రంతా రైలు, మధ్యలో పాపకు నీలం తిరిగితే? ఇలా దూరం తీసుకెళ్లినవాళ్లు వెంట ఏమేం సిద్ధం చేసుకున్నారు? ఆపరేషన్ తర్వాత చెకప్‌లకు ప్రతిసారీ తిరుపతే వెళ్లాలా, విశాఖలో పిల్లల గుండె డాక్టరు దగ్గర చూపిస్తే సరిపోతుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.