కోయాక్స్ ముట్టుకుంటే ఎస్‌డబ్ల్యూఆర్ మారిపోతోంది, బాలన్ తప్పు చుట్టానా?

కొత్త_డైపోల్:
అందరికీ నమస్తే. హామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండ్‌కి డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు తీగల యాంటెన్నా) కట్టాను, 143ని మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ 7.1తో భాగిస్తే 20 మీటర్ల పైచిలుకు వచ్చింది, కాస్త ఎక్కువే ఉంచి రెండు వైపులా సమానంగా కత్తిరించుకుంటూ వస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరైతే మంచిది) 1.4కి దిగింది. కానీ రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్, అదే కోయాక్స్‌ని చేత్తో పట్టుకుంటే చాలు 1.9కి పోతోంది, పవర్ పెంచితే మైక్ తగిలి పెదవి చురుక్కుమంటోంది. మధ్యలో బాలన్ (కేబుల్ బయటి వైపు కరెంటు పారకుండా ఆపేది) నేనే చేశా, పాత కంప్యూటర్ పవర్ సప్లైలోంచి తీసిన పసుపు తెలుపు రింగు మీద సన్న కోయాక్స్ 7 చుట్లు. చుట్లు చాల్లేదా, తీగ పొడవులో తేడానా?

ఫెర్రైట్_చుట్టు:
తీగ జోలికి పోకండి, తప్పు రింగుదే. ఆ పసుపు తెలుపు రింగు 26 రకం ఇనుప పొడిది, పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకునే గుణం) 75 అంతే. ఈ పనికి కావాల్సింది ఫెర్రైట్, 31 రకమైతే 1500, 43 అయితే 800. అసలు జరిగేదేంటంటే కోయాక్స్ జడ (తీగలతో అల్లిన బయటి పొర) లోపలి వైపు కరెంటు వేరు, బయటి వైపు కరెంటు వేరు, ఆ బయటి వైపు మీ డైపోల్‌కి మూడో కాలులా తయారై రేడియో దాకా వచ్చేస్తోంది, అందుకే పట్టుకుంటే మీటర్ కదులుతోంది. ఎఫ్‌టీ240-31 అనే 31 రకం ఫెర్రైట్ రింగు మీద ఆర్‌జీ-58 కోయాక్స్ ఒక 12 చుట్లు చుట్టి ఫీడ్ పాయింట్ (కోయాక్స్ యాంటెన్నాకి కలిసే చోటు) దగ్గరే పెట్టండి. అప్పటిదాకా పవర్ తగ్గించే ఉంచండి, ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు) కాలుడు చిన్నగా కనిపిస్తుంది గానీ లోపలిదాకా పోతుంది.

పైపు_బాలన్:
ఫెర్రైట్ దొరక్కపోతే పీవీసీ పైపు మీద కోయాక్స్ 6 మీటర్లు పక్కపక్కనే చుట్టినా పనిచేస్తుందండీ, నేను చాన్నాళ్లు అదే వాడా.

ఫెర్రైట్_చుట్టు:
పనిచేస్తుంది, కాదనను, కానీ అది ఒక బ్యాండ్ చుట్టుపక్కలే బాగుంటుంది, వేరే బ్యాండ్‌కి వెళ్తే ఆ బయటి కరెంటుని ఆపే చోక్ గుణం పడిపోతుంది. కట్టగా కలిపి కట్టేస్తే ఇంకా దారుణం, మొదటి చుట్టూ ఆఖరి చుట్టూ దగ్గర పడకూడదు.

పైపు_బాలన్:
అది నిజమే, 20 మీటర్ల బ్యాండ్‌కి వెళ్లినప్పుడు నాకూ తేడా కొట్టింది. ఇంకొకటి, బాలన్ పెట్టే డబ్బాని పూర్తిగా మూసేయొద్దు. లోపల చెమ్మ పట్టి నా మొదటి డబ్బాలో కనెక్టర్ పచ్చబడిపోయింది, అడుగున చిన్న కన్నం ఉండాలి, కోయాక్స్ కిందికి వంపు తిరిగి వెళ్లాలి, కనెక్టర్‌కి మాత్రం తనంతట తాను అతుక్కునే రబ్బరు టేప్ సాగదీసి చుట్టండి. తీగ బరువు సోల్డర్ మీద పడకుండా బోల్టుకి లాగి కట్టండి, గాలికి ముందు తెగేది అక్కడే.

కొత్త_డైపోల్:
31 రింగు తెప్పించి 12 చుట్లు వేశానండీ. ఎస్‌డబ్ల్యూఆర్ 1.3, కోయాక్స్ ఎక్కడ పట్టుకున్నా కదలట్లేదు, మైక్ కూడా కొట్టట్లేదు. పది నిమిషాలు మాట్లాడి సెట్ ఆపి రింగు ముట్టుకుని చూశా, గోరువెచ్చగా కూడా లేదు. ఇద్దరికీ చాలా థ్యాంక్స్, డబ్బాకి కన్నం ఇవాళే పెడతా. 73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).