ఇగ్నైట్ మన అగ్ని నుంచే పుట్టిందా?

పానగల్లు చెరువు:
మా చిన్నోడు నల్గొండలో ఎనిమిదో తరగతి. మొన్న బడిలో క్విజ్ పెట్టారు. "ఇంగ్లీషులో ఇగ్నైట్ అనే మాట ఏ భాష నుంచి వచ్చింది?" అని ఒక ప్రశ్న. వీడు లాటిన్ అని రాశాడు. తప్పని కొట్టేశారు. సంస్కృతంలో అగ్ని ఉంది కాబట్టి సంస్కృతమే సరైన జవాబట. పోయి అడిగితే "వింటేనే తెలుస్తోంది కదండీ, ఇగ్ని, అగ్ని" అన్నారు. పిల్లోడు రెండు రోజులుగా ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు. నిజం ఏందో తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు తెలుగు సార్:
బడివాళ్లు చెప్పింది నిజమే. లాటిన్‌లో ఇగ్నిస్, మనకు అగ్నిః. ఋగ్వేదం మొదలయ్యేదే అగ్ని అన్న మాటతో. లాటిన్ వాళ్లు రాత మొదలుపెట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఇక్కడ ఆ మాటను స్వరంతో సహా వల్లె వేస్తున్నారు. ముందు మన దగ్గర ఉన్న మాట తర్వాత అక్కడ కనబడితే ఎటు నుంచి ఎటు పోయినట్టు?

మిర్యాలగూడ రైసుమిల్లు:
సార్ చెప్పిందే కరెక్ట్. అన్నీ మన దగ్గర నుంచి పోయినవే.

పిల్లలమర్రి నీడ:
సార్, నమస్తే. మాట ముందుగా కనబడినంత మాత్రాన తల్లి అయిపోదు. అక్క కూడా చెల్లెలికన్నా ముందే పుడుతుంది. 1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి చెప్పింది ఇదే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని, ఆ మూలభాష ఇప్పుడు లేకపోవచ్చని అన్నాడు. సంస్కృతం ఎంత గొప్ప భాషో కూడా అదే ఉపన్యాసంలో మనసారా చెప్పాడు.

లిథువేనియా వాళ్లు అగ్గిని ఉగ్నిస్ అంటారు. రష్యన్లు అగోన్ అంటారు. వాళ్లందరూ మన దగ్గర అప్పు తీసుకుపోయారా? ఒకే ఇంటి మాట, తలా ఒక దిక్కుకు పోయి తలా ఒక తీరుగా మారింది. ఇంగ్లీషుకు ఇగ్నైట్ మాత్రం 17వ శతాబ్దంలో లాటిన్ నుంచి, చదువుకున్నోళ్ల పుస్తకాల ద్వారా వచ్చింది. ప్రశ్న "ఏ భాష నుంచి వచ్చింది" అని ఉంది కాబట్టి బాబు రాసిందే సరైన జవాబు. మార్కు ఇవ్వాల్సిందే.

జడ్చర్ల జంక్షన్:
మరి ఫైర్ సంగతేంది అక్కా? దానికి అగ్నితో పోలికే లేదు.

పిల్లలమర్రి నీడ:
మంచి ప్రశ్న తమ్మీ. ఫైర్ వేరే మూలం నుంచి వచ్చింది. గ్రీకులో పిర్, జర్మన్‌లో ఫొయర్. హిట్టైట్ అని ఇప్పటి టర్కీ వైపు ఒక పాత భాష ఉండేది, మూడు వేల ఏళ్లు దాటిన దాని మట్టి పలకల మీద పహ్హుర్ అని ఉంది. మూలభాషలోని ప గ్రీకులో ప గానే ఉండిపోయింది, ఇంగ్లీషులో ఫ అయింది. మన పితృ దగ్గర వాళ్లకు ఫాదర్, పాదం దగ్గర ఫుట్ ఉన్నది కూడా ఈ లెక్కనే. అంటే ఆ పాతకాలపు మూలభాషలో నిప్పుకు రెండు మాటలుండేవి. ఒకటి దేవుడిలా కదిలే అగ్నికి, ఇంకొకటి పొయ్యిలో మండే వస్తువుకు అని పండితులు అంటారు. ఇంగ్లీషు వాళ్లు ఇంట్లో వాడుకునేది ఫైర్. ఇగ్నైట్ తర్వాత తెచ్చి పెట్టుకున్నది.

పాలమూరు తెలుగు సార్:
ఆ మూలభాషలో ఒక్క శాసనం చూపించండి. ఒక్క పలక. ఒక్క రాయి. రాత లేని భాషను ఊహించి దాన్ని తల్లి అంటారు, కళ్ల ముందున్న వేదాన్ని అక్క అంటారు. ఇదేం న్యాయం?

జడ్చర్ల జంక్షన్:
సార్, వేదం కూడా చానా కాలం నోటితోనే నడిచింది కదా? రాత తర్వాతనే కదా వచ్చింది?

పాలమూరు తెలుగు సార్:
నోటితో నడిచినా అక్షరం పోకుండా వచ్చింది. అది వేరు, ఇది వేరు. శాసనం చూపించమన్నాను. ఇంకా చూపించలేదు.

దేవరకొండ గుట్ట:
మీ శాసనాలు నాకు తెల్వవు గానీ ఫైర్ అన్న మాట వల్ల నా ఉద్యోగం పోయింది. డిగ్రీ అయినంక హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోయిన. పాత పని ఎందుకు మానేశావని అడిగారు. మా మేనేజర్ అందరి ముందు నా మీద ఫైర్ అయ్యాడు, మనసు విరిగి మానేసిన అని చెప్పాలి. పేపర్లో రోజూ "ఎమ్మెల్యే ఫైర్", "అధికారులపై ఫైర్" అని చదివి పెరిగినోణ్ని. ఇంగ్లీషులో "మేనేజర్ ఫైర్డ్ మీ" అన్న. వాళ్లకు నన్ను పనిలో నుంచి తీసేశారని అర్థమైంది. ఎందుకు తీసేశారని ఇంకో ప్రశ్న, నేను తీసేయలేదని, మరి ఇప్పుడే చెప్పావు కదా అని వాళ్లు. ముగ్గురూ నవ్వారు. అందులో ఇద్దరు తెలుగోళ్లే. ఒకాయన "మీ సైడు ఇంతే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది.

పాలమూరు తెలుగు సార్:
బాధాకరం నాయనా. పనిలోంచి తీసేయడం అనే అర్థం అమెరికాలో 19వ శతాబ్దం చివర్లో వచ్చింది. కోప్పడటం అనే అర్థంలో "ఫైర్ అయ్యాడు" మన పత్రికల వాడుక. అందుకే నేను మొత్తుకునేది. పిల్లలకు మొదటి నుంచీ శుద్ధమైన మాట నేర్పాలి. నా క్లాసులో ఎవరైనా "అగ్గి" అంటే నిలబెట్టి "అగ్ని" అనిపిస్తా. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. ఇది వ్యాకరణంలో మొదటి పాఠం.

పానగల్లు చెరువు:
సార్, ఇప్పటిదాకా ఊకున్నా. మా అమ్మ ఏనాడూ బడి గడప తొక్కలేదు. తెల్లారకముందే లేచి బూడిద పక్కకు దోసి, రాత్రి కప్పిపెట్టిన కణికల మీద నాలుగు కంది పుల్లలు పేర్చి, ఊదుగొట్టంతో ఊది అగ్గి రాజేసేది. అగ్గి లేకపోతే పక్కింటికి పిడక పట్టుకుని పోయి అడిగి తెచ్చేది. మా అమ్మ నోట్లో మాట వికృతా? మా పిల్లోడు ఇంట్లో అగ్గిపెట్టె అంటాడు, బడిలో అంటే నిలబెడతారా? దేవరకొండ తమ్ముణ్ని చూసి నవ్వినోళ్లు చేసిన పనే మీరూ చేస్తున్నారు, తెలుగు పేరు మీద.

పాలమూరు తెలుగు సార్:
మాట జారకండి. వికృతి అంటే తిట్టు కాదు, మారిన రూపం అని. నేనూ కొత్తకోట దగ్గరి పల్లెలో పుట్టినోణ్నే. నన్ను ఇంటర్వ్యూలో నవ్విన వాళ్లతో పోలుస్తారా?

పిల్లలమర్రి నీడ:
సార్, అర్థం మారిన రూపమే కావచ్చు. ఎనిమిదో తరగతి పిల్లకు అది ఎట్లా వినబడుతుందో చూడండి. పైగా అగ్గి అనేది నోరు తిరగక మన ఊరోళ్లు చెడగొట్టిన మాట కాదు. పాళీలో, ప్రాకృతంలో అగ్గి అనే ఉంది. బుద్ధుడి బోధలు నడిచిన భాషలో అది నిండైన మాట. ఉమ్మడి నల్గొండ ఫణిగిరిలో, నాగార్జునకొండ నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలపు శాసనాలు దొరికాయి. వాటిలో ప్రాకృతం చెక్కారు. రాజులు రాళ్ల మీద చెక్కించుకున్న భాష నుంచి వచ్చిన మాటను నిలబెట్టి దిద్దుతున్నాం.

నారాయణపేట చేనేత:
మా దగ్గర పీర్ల పండుగకు గుండం తవ్వి నిప్పులు పోస్తారు. దాన్ని అలావా అంటాం. అది ఉర్దూ అలావ్ కదా? అదీ మా మాటే.

పాలమూరు తెలుగు సార్:
సరే, అసలు విషయం చెబుతా వినండి. ఇంగ్లీషు మీడియం వచ్చినంక నా పీరియడ్ అంటే పిల్లలకు లెక్క లేదు. తెలుగు పుస్తకం కింద లెక్కల నోట్సు పెట్టుకుని రాసుకుంటారు. "మీరు గొప్ప అనుకునే ఇగ్నైట్‌లో మన అగ్ని ఉంది" అన్న రోజు క్లాసంతా తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు కోసం నేను ఆ మాట చెబుతా. మీరు లాటిన్, హిట్టైట్ అని దాన్ని కూడా గుంజుకుంటే నా దగ్గర ఏం మిగులుతుంది?

పిల్లలమర్రి నీడ:
చాలా మిగులుతుంది సార్. నిప్పు మిగులుతుంది. తమిళంలో నెరుప్పు, మనకు నిప్పు. అది ఏ సంస్కృతం నుంచీ రాలేదు. తెలుగు సంస్కృతానికి పుట్టిన భాష కాదని 1816లోనే మద్రాసులో పనిచేసిన ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి ధాతువులు, అంటే మాటల వేర్లు, పక్కపక్కన పెట్టి చూపించాడు, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో. ఇంట్లో నిప్పు, పాళీ దారిలో అగ్గి, వేదం దారిలో అగ్ని, గుండం దగ్గర అలావా. ఇన్ని దారుల నుంచి వచ్చిన మాటలు ఒక్క క్లాసులో కూర్చున్నాయి. వేరే ఇంటి మాటకు మనం తల్లి అని చెప్పుకుంటే తప్ప పిల్లలు తలెత్తరని ఎందుకు అనుకుంటారు?

దేవరకొండ గుట్ట:
ఈ నిప్పు, నెరుప్పు ముచ్చట మాకు బడిలో ఎవ్వరూ చెప్పలే.

పాలమూరు తెలుగు సార్:
నిప్పు పాఠం చెబుతా, అందులో పేచీ లేదు. అగ్ని దగ్గర మాత్రం నా మాట నాదే. మూలభాష శాసనం చూపించే దాకా అక్క, చెల్లెలు లెక్క ఒప్పుకోను.

పానగల్లు చెరువు:
మీ లెక్క మీరు పెట్టుకోండి సార్. సోమవారం డిక్షనరీ పట్టుకుని మా వాడి బడికి పోతున్నా, ఆ మార్కు అడగడానికే. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. అగ్గి అన్న పిల్లను నిలబెట్టకండి.

పాలమూరు తెలుగు సార్:
పరీక్షలో రాస్తే దిద్దుతా. అగ్గి అని రాస్తే మార్కు వేసేవాళ్లు లేరు, అది మీకూ తెలుసు. మాట్లాడితే మాత్రం నిలబెట్టను.