ఆరోగ్యశ్రీ ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీ డబ్బు ఎవరికివ్వాలి?

గుంటూరు ఫిజియో:
తొడ ఎముక విరిగిన ఒక పెద్దావిడ, ఆపరేషన్ అయిన రెండు నెలలకి నా దగ్గరికి వచ్చింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చక్కగా జరిగింది. కానీ ఇంటికెళ్లాక మంచం దిగలేదు, మోకాలు బిగుసుకుపోయింది. 2007 నుంచి ఈ పథకం పద్ధతి ఒకటే: రోగానికింత అని ప్యాకేజీ కట్టి ఆసుపత్రికి చెల్లిస్తారు. ఆ లెక్కలో ఫిజియో అంటే ఖర్చే, రాబడి కాదు. అందుకే వ్యాయామాల బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య ఆసరా కింద, చికిత్స అయ్యాక ఇంట్లో కోలుకునేవాళ్లకి రోజుకి 225 రూపాయలు ఇవ్వడం మొదలైంది, విశ్రాంతి తీసుకోమని. చాలా మంచి పని. మరి కాలు కదిలించడానికి? ఫిజియోకి విడిగా రేటు పెట్టాల్సిందే.

క్లెయిముల టేబుల్:
మీ బాధ అర్థమైంది మేడమ్. నేను ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రిలో ప్రీ-ఆథ్ (చికిత్సకి ముందస్తు అనుమతి), క్లెయిములు ఎనిమిదేళ్లు చూశాను. సిట్టింగ్‌కింత, అంటే ఫిజియో చేసిన ఒక్కోసారికి ఇంత అని రేటు పెట్టిన మర్నాటి నుంచే, రాని పేషెంటు పేరున కూడా పది సిట్టింగులు పడతాయి. గుండెకి స్టెంటు వేస్తే రుజువుగా యాంజియో ఫిల్ము అడగొచ్చు. మోకాలు వంచినందుకు ఏం అడుగుతారు? పైగా ఆ డబ్బు ఆసుపత్రి ఖాతాలోకే పోతుంది. మీ జీతం మాత్రం పెరగదు.

లీడ్స్ తెలుగమ్మాయి:
ఇక్కడ బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో 1991లో సేవలు కొనేవాళ్లని, అందించేవాళ్లని విడదీశారు. ఫిజియోలని ఒకే విభాగంగా ఉంచాలా, వార్డులకి పంచేయాలా అని అప్పట్లో పెద్ద వాదనే నడిచింది. ఎక్కడున్నా రిజిస్ట్రేషన్ మాత్రం ఎవరిది వాళ్లదే. నేను తప్పు చేస్తే నన్నే పిలిచి అడుగుతారు. మన దేశంలో కూడా 2021 చట్టం ఫిజియోలకి, ల్యాబ్, రేడియాలజీ టెక్నీషియన్లకి జాతీయ కమిషన్, రాష్ట్ర కౌన్సిళ్లు పెట్టమంది. చెల్లింపుని ఆ రిజిస్టర్ నంబరుకి ముడిపెట్టండి. దొంగ సిట్టింగుకి సంతకం పెట్టాలంటే చెయ్యి వణకాలి.

గుంటూరు ఫిజియో:
అన్నా, మీ మాటలో సగం ఒప్పుకుంటున్నాను. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఆ డబ్బు వద్దు. మాచర్ల మనిషి కుట్లున్న కాలితో గుంటూరు దాకా రోజూ బస్సులో ఎలా వస్తాడు? వాళ్ల ఊరి దగ్గరే, ఏరియా ఆసుపత్రిలోనో చిన్న క్లినిక్‌లోనో ఉన్న రిజిస్టర్డ్ ఫిజియోకి కట్టండి. ఏం అడగాలన్నారుగా, గోనియోమీటర్ (కీలు ఎంత వంగుతుందో చూపే సాధనం) కొలత అడగండి. వచ్చిన ప్రతిసారీ పేషెంటు వేలిముద్ర తీసుకుని, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో రాస్తాం. మొదటి రోజు 40 ఉన్నది ఆరో వారంలోనూ 40 దగ్గరే ఆగితే, ఎందుకని నన్ను నిలదీయండి.