కొబ్బరి తెల్లదోమకు మందు కొట్టాలా, బదనికలకు వదిలేయాలా?

చిగురుమట్ట: పదేళ్ల కొబ్బరి. కింది మట్టలన్నీ నల్లగా మసి పట్టాయి, ఆకు అడుగున తెల్లటి చుట్టలు. ఇమిడాక్లోప్రిడ్ కొట్టమని కొందరు, అసలేమీ వద్దని ఇంకొందరు. ఏది సరైనదండీ?

లంకగట్టు: కొట్టకండి. అది రుగోస్ సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు మొదట బయటపడింది. దాన్ని తినే ఎన్కార్సియా గ్వాడెలూపే అనే బదనిక (తెల్లదోమ పిల్ల ఒంట్లో పెరిగి దాన్ని చంపే చిన్న కీటకం) కూడా తోటల్లోనే ఉంది. మందు కొడితే ముందు పోయేది అదే. మైనం కప్పుకున్న పిల్ల పురుగులు చాలావరకు బతికిపోతాయి, ఇక వాటికి అడ్డుండదు.

సూటిమాట: చెప్పడం తేలికే. మసి కమ్మిన ఆకుకి ఎండ తగలదు, వేసవిలో దాన్ని కడిగే వానా ఉండదు. బదనిక పెరిగేదాకా కాయ ఎవరిస్తారు?

లంకగట్టు: మసి వేరు, పురుగు వేరు. మసి ఆకులోకి దిగదు, పురుగు విసర్జించే తీపి జిగురు మీద పైపైన పెరుగుతుందంతే. లీటరుకు 10 గ్రాముల గంజి పిండి ఉడికించి, చల్లార్చి, వడగట్టి ఆకు పైభాగాన కొట్టండి. ఎండాక పెచ్చులుగా రాలిపోతుంది. వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది.

ఆగాలా వద్దా అన్నది భూతద్దం చెబుతుంది. కింది మట్టల ఆకులు నాలుగైదు చెట్ల నుంచి తెంపి అడుగున చూడండి. బదనిక పట్టిన ప్యూపా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) నల్లబడుతుంది, అది బయటికొచ్చిన రంధ్రం గుండ్రంగా ఉంటుంది. తెల్లదోమ బయటికొస్తే పెంకు ఇంగ్లీషు T అక్షరంలా చీలుతుంది. నల్లవి సగం దాటితే నేనైతే ఏమీ కొట్టను.

నర్సరీబాట: సగం లేకపోతే? లీటరుకు 5 మి.లీ. వేపనూనె. ముందు సబ్బును కొద్ది నీళ్లలో కరిగించి, నూనె పోసి పాలలా అయ్యేదాకా గిలక్కొట్టాలి, తర్వాతే మిగతా నీళ్లు. నూనె పైకి తేలితే ఆకు మాడుతుంది. పురుగును చంపే శిలీంద్రం ఇసేరియా ఫ్యుమోసోరోసియా అయితే లీటరుకు 5 గ్రాములు, సాయంత్రం పూట, గాలిలో తేమ ఉన్నప్పుడు. శిలీంద్రనాశినితో కలిపితే డబ్బు దండగ, అదీ శిలీంద్రమే కదా. ఏది కొట్టినా ఆకు అడుగు తడవాలి. పెద్ద చెట్లకు పవర్ స్ప్రేయర్ లేకుండా మొదలుపెట్టవద్దు.

సూటిమాట: వేరు ద్వారా మందు ఎక్కిస్తే బదనికకు తగలదుగా?

లంకగట్టు: తగులుతుందండీ. దాని పిల్ల పెరిగేది తెల్లదోమ ఒంట్లోనే, ఆ ఒంట్లో విషం ఉంటే రెండూ పోతాయి. పైగా మందు బొండం నీళ్లలోకి చేరే ప్రమాదం ఉంది, దింపు వాయిదా వేయాలి. బొండాలు అమ్మే తోటలో ఆ మాటే వద్దు.

చిగురుమట్ట: పోనీ మసి మట్టలు నరికి కాల్చేస్తే?

నర్సరీబాట: అందరూ చేసే పొరపాటు అదే! నల్ల ప్యూపాలు ఎక్కువగా ఉండేది ఆ ముదురు ఆకుల మీదే. కాలిస్తే బదనికల్ని కాల్చినట్టే. అలాంటి ఆకు ముక్కల్ని బదనిక లేని చెట్ల ఆకులకు పిన్నుతో గుచ్చండి. అంతరపంటగా జామ, అరటి ఉంటే వాటి ఆకుల అడుగు కూడా చూడండి, ఈ దోమ అక్కడా ఉంటుంది.