నడవని కొట్టుకి జీఎస్టీ నంబరు: మనమే రద్దు చేయించుకోవాలా, గమ్మునుంటే పోతుందా?

పెద్దబజారు పాత్రలకొట్టు:
నెల్లూరు పెద్దబజారులో మా నాయన పెట్టిన స్టీలు పాత్రల కొట్టు నాది. నెలాఖరున షట్టరు దించేశా, ఇరవై రోజులయింది. వ్యాపారం నా ఒక్కడి పేరు మీదే, భాగస్తులు లేరు. మూడు లక్షల సరుకు మిగిలుంది. ఆడిటరేమో నంబరు సరెండర్ చేద్దామంటాడు. పక్కకొట్టాయన "ఆరు నెలలు రిటర్నులు వెయ్యకపోతే వాళ్ళే తీసేస్తారు, రూపాయి ఖర్చు లేదు" అంటాడు. ఏది మేలు?

కావలి మేతకొట్టు:
గమ్మునుండు అన్నా. మా బావమరిది రొయ్యల మేత కొట్టు అట్నే పోయింది. నోటీసు ఆన్‌లైన్‌లో వచ్చింది, ఎవరూ చూసుకోలా, నంబరు రద్దయింది. నాలుగేళ్ళుగా గడప తొక్కినవాళ్ళు లేరు. అప్పుల్లో మునిగి కొట్టు మూసినోడిని, మూసినందుకు మళ్ళీ డబ్బు తెమ్మంటే యాడ తెస్తాడు?

స్టోన్‌హౌస్‌పేట గోతాలు:
తమ్ముడూ, గమ్మున ఉండి దెబ్బతిన్నవాణ్ణి నేను. నా గోతాల వ్యాపారం ఆపేసి ఎనిమిది నెలలు ఊరుకున్నా. రద్దయింది, పీడ వదిలిందనుకున్నా. రెండేళ్ళకి ప్యాకింగ్ సామాన్ల కొట్టు పెడదామని కొత్త నంబరు అడిగితే, పాన్ నాదే గదా, పాతది ఎందుకు పోయిందని అక్కడే ఆపారు. ఒక్కడి పేరు మీద నడిపే వ్యాపారానికి వేరే పాన్ ఉండదు, మనిషి పానే కొట్టు పాను. మనం బతికున్నంతకాలం ఆ లెక్క మన వెంటే ఉంటుంది.

లెక్క చెప్తా చూడు. నెలకి రెండు రిటర్నులు. అమ్మకం ఏమీ లేకపోయినా ఆలస్య రుసుము ఒక్కోదానికి రోజుకి 20, గరిష్ఠం 500. అంటే నెలకి వెయ్యి, ఎనిమిది నెలలకి 8,000. నంబరు పోయాక మూడు నెలల్లో వెయ్యాల్సిన ఆఖరి రిటర్ను జీఎస్టీఆర్-10 ఒకటుంది. వాళ్ళు రద్దు చేసినా అది మనమే వెయ్యాలి. దానికి రోజుకి 200 చొప్పున 10,000 దాకా. మొత్తం 18,000 కట్టా. మూసిన నెలలోనే నంబరు రద్దు చెయ్యమని అడిగే రెగ్-16 ఫారం పెట్టుంటే దానికి ఫీజే లేదు. ఆడిటరుకి నాలుగు వేలిచ్చి ఇంటికొచ్చేవాణ్ణి. మీ బావమరిదిని ఎవరూ అడగలేదంటే, ఆయన మళ్ళీ వ్యాపారం పెట్టలేదు కాబట్టి.

ఇంకోటి. ఆఫీసు వాళ్ళు రద్దు చేస్తే వెనకటి తేదీ నుంచి కూడా చెయ్యొచ్చు. అప్పుడు ఆ మధ్యలో మన దగ్గర బిల్లు మీద కొన్నవాళ్ళ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని వాళ్ళ పన్నులో తగ్గించుకునేది, ఇరుకున పడుతుంది. ఇరవై ఏళ్ళు మనల్ని నమ్మి కొన్న మనుషులు వాళ్ళు. నాకు ఫైను కంటే ఇదే ఎక్కువ బాధ అనిపించింది.

ఒంగోలు లెక్కలు:
పాత్రలకొట్టు అన్నగారూ, నేను ఈ పనే చేస్తాను. మీ అసలు సంగతి సరుకు. రద్దు తేదీ నాటికి కొట్లో ఉన్న సరుకు మీద గతంలో వాడుకున్న క్రెడిట్ గానీ, ఆ సరుకు అమ్మితే పడే పన్ను గానీ, ఏది ఎక్కువైతే అది తిరిగి కట్టాలి. ఖర్చంతా అక్కడే ఉంటుంది. కాబట్టి తొందరపడి తేదీ రాయకండి. మిగిలినది టోకున బిల్లు మీద అమ్మేసి, కొట్టు ఖాళీ అయ్యాక ఆ రోజే తేదీగా పెట్టండి. కారణం పుట్టిన 30 రోజుల్లో దరఖాస్తు చెయ్యాలి, అమ్మకం సాగుతున్నంతకాలం వ్యాపారం ఉన్నట్టే. అప్పటిదాకా రిటర్నులు మాత్రం ఆపకండి.

కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, లేబర్ ఆఫీసు రిజిస్ట్రేషన్, వృత్తి పన్ను దేనికది విడిగా మూయాలి. కరెంట్ అకౌంట్ అన్నింటికంటే చివర. పుస్తకాలు పాతసామానోడికి వెయ్యొద్దు, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి.

చీమకుర్తి పాలిష్:
మీది సొంత కొట్టు గాబట్టి వేలల్లో పోతుంది. మేం అన్నదమ్ములం గ్రానైట్ పాలిషింగుకి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాం, లెటర్‌హెడ్ బాగుంటుందని. పని ఆగినా ఏటా వెయ్యాల్సిన రెండు ఫారాలు, ఏవోసీ-4, ఎంజీటీ-7, వెయ్యలా. ఒక్కోదానికి రోజుకి వంద, దీనికి గరిష్ఠం లేదు. ఏడాది ఆలస్యమైతే రెండింటికీ 73,000. అవి కట్టాకే మూసివేత ఫారం ఎస్టీకే-2, దానికి ఇంకో 10,000. వరసగా మూడేళ్ళు వెయ్యకపోతే డైరెక్టరుగా ఐదేళ్ళు పనికిరారు. కట్టక తప్పదని ఒప్పుకుంటా. కానీ అమ్మకమే లేని కంపెనీకి, కోట్ల టర్నోవరు ఉన్నదానికి ఒకటే రోజుకి వంద అంటే న్యాయం కాదు. జీఎస్టీలో అమ్మకం లేని నిల్ రిటర్నుకి తగ్గించినట్టు ఇక్కడా తగ్గించాలి.

కావలి మేతకొట్టు:
చీమకుర్తి అన్న మాట నిజం, నేను అడిగేదీ అదే. స్టోన్‌హౌస్‌పేట అన్న లెక్క చూశాక మా బావమరిదితో ఆ ఆఖరి రిటర్ను వేయిస్తా. వాడు మళ్ళీ చెరువు మీదికి పోదామంటున్నాడు. కానీ మూసేవాడికి దారి సులువు చెయ్యాలన్న మాట మాత్రం వదలను. తెరిచేటప్పుడు ఇంట్లో కూర్చుని ఫోన్లో తెరిచాం గదా.

పెద్దబజారు పాత్రలకొట్టు:
అందరికీ దండాలు. నిన్న లెక్కలు అన్న చెప్పినట్టు సరుకు దించి రాసుకున్నా. అడుగు అరలో పదకొండు బిందెలు తేలాయి, పెళ్ళికని పేర్లు కొట్టించుకుని తీసుకుపోనివి. ఒకదాని మీద అక్షరాలు మా నాయన చేత్తో కొట్టినవి, మిషన్ కొనకముందువి. పది తుక్కు ధరకి బిల్లు వేసి అమ్ముతా. ఆ ఒక్కటి నా పేరునే బిల్లు రాసుకుని, పన్ను కట్టి ఇంటికి తెచ్చుకుంటా. ఫారం వచ్చే సోమవారం.