మన ఒంట్లో పుట్టే పెప్టైడ్‌లనే మార్చి మందు చెయ్యడం: మంచిదా, ముప్పా?

తార్నాక_మైక్రో:
అందరికీ నమస్తే. కార్బపెనెమ్‌ల లాంటి గట్టి యాంటీబయాటిక్‌లకి కూడా లొంగని క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ బ్యాక్టీరియాలు మన ఐసీయూల్లో మామూలైపోయాయి, వాటిమీద ఇంకా పనిచేసే మందుల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, అందుకే ఈ టాపిక్ పెడుతున్నా. కప్ప చర్మంలో, పురుగుల్లో, మన తెల్ల రక్తకణాల్లో బ్యాక్టీరియాని చంపే చిన్న పెప్టైడ్‌లు, అంటే అమైనో ఆమ్లాల గొలుసులు, పుట్టుకతోనే ఉంటాయి. వీటికి పాజిటివ్ చార్జ్, బ్యాక్టీరియా పొరకి నెగటివ్ చార్జ్, అందుకని వెళ్లి అతుక్కుని పొరని చీల్చేస్తాయి, మన కణాల బయటి పొరకి ఆ చార్జ్ లేదు, పైగా కొలెస్ట్రాల్ ఉంటుంది కాబట్టి మనల్ని చాలావరకు వదిలేస్తాయి. కానీ ఉన్నదున్నట్టు ఎక్కిస్తే మన ఎంజైములే ముక్కలు చేసేస్తాయి, ట్రిప్సిన్ అనే ఎంజైముకైతే లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాలు కనిపిస్తే చాలు, అక్కడే కోసేస్తుంది. అందుకే అమైనో ఆమ్లాల్ని డి-రూపంలోకి (అద్దంలో ప్రతిబింబం లాంటి రూపం) మార్చడం, రెండు కొసలు కలిపి రింగు చెయ్యడం, కొవ్వు తోక తగిలించడం లాంటివి చేస్తారు. మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీలో 1979లోనే ఎద్దు వీర్యంలోంచి బ్యాక్టీరియాని చంపే సెమినల్‌ప్లాస్మిన్ అనే ప్రొటీన్ పట్టుకున్నారు, తర్వాత ఆర్. నాగరాజ్ గారి బృందం దాంట్లోంచి 13 అమైనో ఆమ్లాల ముక్క తీసుకుని మార్చి మార్చి చూశారు. ఇంత పునాది ఉన్న ఊళ్లో గవర్నమెంట్ డబ్బు ముందు దీనికే పెట్టాలి. మీరేమంటారు?

జీడిమెట్ల_ఫార్మా:
తమ్ముడూ, 1987లో జాస్లాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆఫ్రికా కప్పలో మాగైనిన్ అనే పెప్టైడ్ కనిపెట్టినప్పటి నుంచి ఈ ఆశ ఉంది. దాన్ని మార్చి చేసిన పెక్సిగనాన్, షుగర్ పేషెంట్ల కాలిపుండ్లకి రాసే క్రీము, 1999లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు, 2016లో మళ్లీ ట్రయల్స్ ఫెయిల్. మురెపవాడిన్ అనే ఇంకో పెప్టైడ్ మందుకి 2019లో కిడ్నీలు దెబ్బతింటున్నాయని మూడో దశ ట్రయల్స్ ఆపేశారు. చార్జూ కొవ్వుగుణమూ పెంచుకుంటూ పోతే బ్యాక్టీరియా బాగానే చస్తుంది, ఎర్రకణాలు కూడా పగులుతాయి. ప్లేట్‌లో కడిగిన ఎర్రకణాలు వేసి, పెప్టైడ్ కలిపి, 37 డిగ్రీల్లో గంట ఉంచి సెంట్రిఫ్యూజ్ తిప్పి చూడండి. మంచి పెప్టైడ్ వేసిన గుంటలో కణాలు అడుక్కి దిగి పైన తేటగా ఉంటుంది, చెడ్డదాంట్లో పైనంతా ఎర్రబారిపోతుంది. బ్యాక్టీరియా మీద బ్రహ్మాండంగా పనిచేసినవి ఎన్నో ఈ ఎరుపు దగ్గరే ఆగిపోతాయి. ఇందులో గట్టెక్కినవాటికి కూడా సీరం కలిపితే, ఉప్పు కలిపితే పదును తగ్గిపోతుంది. ఒక్కో అమైనో ఆమ్లం తగిలించి, కడిగి, మళ్లీ తగిలించే ఈ తయారీకి మామూలు యాంటీబయాటిక్ రేటు ఎప్పటికీ రాదు. ప్రజల డబ్బు దీనికి మొదట పెట్టడం నాకైతే నచ్చలేదు.

షాద్‌నగర్_కోళ్లఫారం:
నాకు సైన్సు అంత తెల్వదు గని ఒక్క మాట. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ గూడ పెప్టైడేనట గదా. 2019ల బంద్ చేసేదాక దాన్ని దాణాల కలిపి అమ్మిన్రు, రోగం కోసమే గాదు, కోడి జల్ది బరువెక్కాలని. రేపు మీ కొత్త పెప్టైడ్ చవకైతే అది గూడ దాణాలకే వస్తది. ఆపేటోళ్లు ఎవరు? ముందు గది చెప్పున్రి.

సైదాబాద్_ల్యాబ్:
అన్న అడిగిందే అసలు ప్రశ్న. కొలిస్టిన్‌ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు సంగతి 2015లో చైనాలో బయటపడింది, పందుల్లో, మాంసంలో, మనుషుల్లో కూడా. 2023లో వచ్చిన ఒక స్టడీలో, ఆ జన్యువున్న ఈ-కోలై పందుల, కోళ్ల, మనుషుల సొంత పెప్టైడ్‌లని కూడా ఎక్కువ తట్టుకుంటోందని చూపించారు. ఇంకోటి, పెప్టైడ్‌లకి రెసిస్టెన్స్ రావడం చాలా కష్టమని జాస్లాఫ్ అనేవాడు, పరిణామ శాస్త్రవేత్త గ్రాహం బెల్ ఒప్పుకోలేదు, చివరికి ఇద్దరూ కలిసే ప్రయోగం చేశారు, 2006లో వచ్చింది. పెక్సిగనాన్ మోతాదు మెల్లగా పెంచుకుంటూ బ్యాక్టీరియాని 600-700 తరాలు పెంచితే 24 లైన్లలో 22 తట్టుకున్నాయి. 2012లో స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా మీద చేసినప్పుడు పెక్సిగనాన్‌కి అలవాటుపడ్డవి మన తెల్ల రక్తకణాల సొంత పెప్టైడ్ అయిన డిఫెన్సిన్‌కి కూడా లొంగలేదు. ఒక మందు పోతే ఇంకో మందు వెతుక్కుంటాం, ఒంట్లో ఉన్న కాపలానే పనిచెయ్యకపోతే దేన్ని వెతుక్కోవాలి?

నన్ను ఇంకా భయపెట్టేది డి-రూపం. ఎంజైములు కొయ్యకుండా మనం మార్చిన ఆ గుణమే మురుగునీళ్లలో కూడా దాన్ని తొందరగా కరగనివ్వదు. పటాన్‌చెరులో ఫార్మా వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దొరికిందని 2007లో పేపర్ వచ్చింది, మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఇదే బెల్ట్‌లో రేపు పెప్టైడ్‌లు తయారవుతాయి.

తార్నాక_మైక్రో:
సర్, ఆ భయం నాకు అర్థమవుతోంది, అయినా ఆపడానికి అది సరిపోదు. నిసిన్ అనే పెప్టైడ్‌ని చీజ్‌లో పాడవకుండా దశాబ్దాలుగా వాడుతున్నారు, కొంపలేం మునగలేదు. ఇంకా, మార్చడం అంటే చంపే బలం పెంచడమే కాదు. కొలిస్టిన్ లాంటిదే అయిన పాలిమిక్సిన్-బికి కొవ్వు తోక తీసేస్తే అది బ్యాక్టీరియాని చంపదు, కానీ బయటి పొరని వదులు చేసి వేరే యాంటీబయాటిక్ లోపలికి వెళ్లేలా చేస్తుంది, 1983లోనే మార్టి వారా, టిమో వారా అనే శాస్త్రవేత్తలు చూపించారు. రిఫాంపిసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు అలా ఆ బయటి పొర ఉన్న గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తాయి. ఈ దారిలో వెళ్దాం అంటున్నా.

మలక్‌పేట_ఐసీయూ:
నేను స్టాఫ్ నర్సుని. కొలిస్టిన్ నడుస్తున్న పేషెంటుకి పొద్దున్నే కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ వచ్చేదాకా మాకు ఊపిరాడదు, యూరిన్ బ్యాగ్‌లో గంటగంటకీ ఎంత వచ్చిందో రాస్తూనే ఉంటాం, ఇన్‌ఫెక్షన్ తగ్గుతూ కిడ్నీ పోతుంటే ఇంటివాళ్లకి ఏం చెప్పాలో తెలీదు. మీరు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే రెసిస్టెన్స్ గురించి మాట్లాడుతున్నారు, కరెక్టే కావచ్చు, మా బెడ్ మీద ఉన్నవాళ్లకి అంత టైమ్ లేదు. చెయ్యండి, ఆపకండి.

సైదాబాద్_ల్యాబ్:
అక్కా, ఆపమని నేను అనట్లేదు. పెప్టైడ్ ఏదైనా ఎలుకల దాకా వెళ్లేముందే దానికి అలవాటుపడ్డ బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి, మన ఒంటి సొంత పెప్టైడ్‌లైన ఎల్ఎల్-37 మీద, డిఫెన్సిన్‌ల మీద పెట్టి చూడాలి, వాటికీ లొంగకపోతే ఆ డిజైన్ పక్కన పెట్టెయ్యాలి. ట్రయల్స్ ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. ఫండింగ్ ఇచ్చేవాళ్లు దీన్ని షరతుగా పెట్టాలి, దాణాలోకి వెళ్లకుండా మొదటి రోజు నుంచే నిషేధం ఉండాలి. ఈ రెండూ రాసిస్తే తార్నాక తమ్ముడి వైపే నేను కూడా.

జీడిమెట్ల_ఫార్మా:
ఫ్యాక్టరీ నీళ్లలో ఎంత వరకు ఉండొచ్చో లిమిట్ కూడా కలపండి. మా వాళ్లు ఒప్పుకోరు, అయినా కలపండి.